నరికే కత్తి కొంటున్నారా? లుక్ కాదు, ముందు ఈ 4 స్పెక్స్ చూడండి

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, బ్యాటరీ, డిస్‌ప్లే అన్నీ పోల్చి చూస్తాం. పొలానికో, తోటకో పెద్ద నరికే కత్తి కావాలంటే మాత్రం ఫొటోలో స్టైల్‌గా కనిపించినదాన్ని కార్ట్‌లో వేసేస్తాం. ఫోన్ నచ్చకపోతే రిటర్న్ ఇవ్వొచ్చు. కానీ నరుకుతుండగా పిడి ఊడి ఎగిరిన కత్తి ఎవరికి తగులుతుందో చెప్పలేం. కాబట్టి కొనే ముందు ఇవి చెక్ చేయండి.

1. సైజు: పొడవు ఎక్కువైతే మంచిదని కాదు. పచ్చి పొదలు, తీగలు కొట్టడానికి 18 అంగుళాల మషెటీ బాగుంటుంది. 2-3 మిల్లీమీటర్ల మందమే కాబట్టి చేయి త్వరగా నొప్పెట్టదు. ఎండిన గట్టి కొమ్మలకైతే పొట్టిగా, మందంగా ఉండే కుక్రీ లాంటిది తీసుకోండి. దాని బ్లేడు ముందుకు వంగి ఉంటుంది, బరువంతా దెబ్బ పడే వైపే ఉంటుంది.

2. స్టీల్: గట్టిదనాన్ని రాక్‌వెల్ సి స్కేల్ మీద కొలుస్తారు. 60 దాటితే పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ గట్టి దెబ్బకు అంచు పెచ్చులూడే రిస్క్ పెరుగుతుంది. నరికే పనికి సుమారు 50-57 చాలు. 1075, 5160 లాంటి కార్బన్ స్టీల్స్ దెబ్బను బాగా తట్టుకుంటాయి. మన ఊళ్లలో కమ్మరులు పాత లారీ కమాన్ పట్టీలతో కత్తులు చేసేది కూడా ఇందుకే. ఒకటే మైనస్, తుప్పు పడుతుంది. వాడాక తుడిచి నూనె రాయాలి.

3. టాంగ్: అంటే పిడిలోకి వెళ్లే బ్లేడు భాగం. అది పిడి చివరిదాకా, పూర్తి వెడల్పుతో ఉంటే ఫుల్ టాంగ్. సన్నటి ఊచ మాత్రమే లోపల ఉన్న చవక మోడల్స్ జోలికి పోవద్దు.

4. చట్టం: 2016 ఆయుధాల నియమాల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటి, వ్యవసాయ పనుల కోసం తయారైనవాటికి మినహాయింపు ఉంది. అలాగని బైక్‌కు తగిలించుకుని ఊరంతా తిరగొద్దు. రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా చెట్లు కొట్టడం కూడా నేరమే. ట్రెక్కింగ్‌కి వెళ్తే దీన్ని ఇంట్లోనే ఉంచండి.

మా మాట: తోట పనికి మొదటిసారి కొంటుంటే, ఫుల్ టాంగ్ ఉన్న కార్బన్ స్టీల్ మషెటీ, గట్టి ఒర తీసుకోండి. దగ్గర్లో మంచి కమ్మరి ఉంటే ముందు అక్కడే అడగండి. చేతికి తగ్గ బరువు, పిడి చేయించుకోవచ్చు. ఆ కస్టమైజేషన్ ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.