కుంతాల దారి

పాఠ్యభాగ ఉద్దేశం: ప్రకృతి సౌందర్యాన్ని ఆస్వాదించుటతో పాటు, నీటి స్వభావాన్ని గ్రహించి మెలగవలసిన ఆవశ్యకతను తెలియజేయుట.

హైదరాబాదు నగరానికి ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో పేరుపొందిన జలపాతాలు లేవు. గ్రానైటు గుండ్లు పరచుకొన్న ఈ పీఠభూమి మీద వాగులు ఎత్తు నుండి దూకే అవకాశం తక్కువ. అందుచేత పూర్వులు వాగులకు అడ్డుగా కట్టలు పోసి చెరువులు నిర్మించుకొన్నారు. శామీర్‌పేట చెరువు అటువంటిదే. మంచి వానలు కురిసిన ఏడు చెరువు నిండి, నీరు మత్తడి మీదుగా పొర్లినప్పుడు ‘మత్తడి దుంకింది’ అని తెలంగాణ పల్లెల్లో జనులు సంబరపడతారు. ఈ ప్రాంతవాసులకు ఇంటి ముంగిట కనబడే జలపాతం అదే.

కొండల నడుమ దూకే నదిని చూడగోరువారు మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే 44వ జాతీయ రహదారిని పట్టాలి. తూప్రాన్, కామారెడ్డి దాటిన తరువాత సోన్ వద్ద గోదావరి ఎదురవుతుంది. నది దాటితే కొయ్యబొమ్మలకు ప్రసిద్ధిగాంచిన నిర్మల్ పట్టణం వస్తుంది. అక్కడి నుండి దారి మలుపులు తిరుగుతూ ఘాట్లను ఎక్కుతుంది. ఇరువైపులా టేకు వనాలు దర్శనమిస్తాయి. ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ వద్ద రహదారిని విడిచి సుమారు 12 కిలోమీటర్లు వెళ్తే కుంతాల జలపాతం వస్తుంది.

వాహనం దిగినవారికి మొదట నది కనబడదు, దాని హోరు మాత్రమే వినబడుతుంది. లోయలోకి వందలాది మెట్లు దిగాలి. దిగుతున్న కొద్దీ గాలి చల్లబడుతుంది. ఒక మలుపులో చెట్ల సందు నుండి తెల్లని ధార తళుక్కుమంటుంది. కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి అంచెలంచెలుగా దూకే చోటు అది. శకుంతల పేరు మీదుగానే ఈ చోటికి కుంతాల అను పేరు వచ్చినదని ఐతిహ్యం. ఇక్కడ సోమేశ్వరుడు కొలువై ఉన్నాడు. మహాశివరాత్రికి భక్తులు తరలివస్తారు.

వేసవిలో ఈ ధార సన్నగిలుతుంది. వర్షాకాలంలో నిండుదనం సంతరించుకొంటుంది. చూపరులను మిక్కిలిగా ఆకర్షించే ఆ కాలమే మిక్కిలి ప్రమాదకరమైనది. ఎడతెగక పడే నీటి తాకిడికి ధార కింద గుండం ఏర్పడుతుంది. నురుగుతో కలిసిన నీటిలో గాలిబుడగలు నిండి ఉండుటచేత అది మనిషిని తేల్చజాలదు. పైనుండి పడే ధార సుడులు రేపి అడుగుకు లాగుతుంది. ఈత నేర్చినవారు సైతం అక్కడ నిస్సహాయులవుతారు. తడిసిన బండల మీది పాచి కాలు నిలువనీయదు.

నది పెరుగుటకు తలమీద వాన కురియనక్కరలేదు. ఎగువ అడవులలో కురిసిన వాన కొన్ని గంటల తరువాత, ఎండ కాస్తున్న చోటికి వరదగా చేరవచ్చును. 2022 జూలైలో ఇదే నదిపై దిగువన ఉన్న కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగల నీటికి మించిన వరద వచ్చింది. దిగువ గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించవలసి వచ్చింది.

ఆనకట్టలున్న నదులలో వాన లేకున్నను నీరు పెరుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నది ఒడిలోకి విహారయాత్రకు వచ్చిన విద్యార్థులు కొందరు దిగారు. వారు హైదరాబాదు శివార్లలోని బాచుపల్లి ప్రాంతంలో చదువుకొనేవారు. అది నేడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనిది. వారు బండలపై నిలిచి ఛాయాచిత్రాలు తీసుకొంటున్న వేళ, ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి వదలిన నీరు ఒక్కసారిగా చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. వారు సాహసం చేయబూనినవారు కారు. నీరు తక్కువగా ఉన్నదని నమ్మినవారు.

కావున జలపాతానికి వెళ్లువారు బయలుదేరే ముందే ఎగువ ప్రాంతపు వానల సంగతి తెలుసుకోవాలి. స్థానికులు వద్దన్న చోట అడుగు పెట్టరాదు. తేటనీరు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొని వచ్చినా, హోరు హెచ్చినా, తక్షణమే గట్టుకు చేరాలి. కొట్టుకొనిపోతున్నవారి కోసం నీటిలో దూకక తాడో, పొడవైన కర్రో అందించాలి. మెట్ల మీద నిలిచి చూసినవారికి కుంతాల అందం ఏమాత్రం తరగదు.

కఠిన పదాలకు అర్థాలు
మత్తడి = చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లిపోయే కట్టడం, అలుగు
ఐతిహ్యం = పరంపరగా చెప్పుకొనే కథ
గుండం = లోతైన నీటి మడుగు
ఎగువ = నది ప్రవాహం వచ్చే వైపు

ప్రశ్నలు
1. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో చెరువులు ఏర్పడుటకు కారణమేమి?
2. జలపాతం కింది గుండంలో ఈతగాళ్లు సైతం ఎందుకు నిస్సహాయులవుతారు?
3. కడెం, బియాస్ నదుల ఉదంతాల మధ్య గల పోలికను, భేదాన్ని వివరించండి.
4. మీ ప్రాంతంలోని చెరువు లేదా వాగు వద్ద పాటించవలసిన జాగ్రత్తలను గురించి ఒక వ్యాసం రాయండి.