మల్బరీ వేర్లు: మడిలో ఎంతవరకు, గెనిమ దగ్గర ఎంతవరకు

కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు వైపు మన టమాటా చేను, మల్బరీ తోట పక్కపక్కనే ఉంటాయి. టమాటా తీసేసిన నేల ఖాళీగా ఉంది కదా అని అక్కడే వి-1 నారు పెడుతుంటాం. అది వద్దు. టమాటా, వంగ, బెండ వేర్లకు పట్టే బుడిపె నులిపురుగే మల్బరీకీ పడుతుంది. నారుతో బాటు ఒకసారి తోటలోకి వచ్చిందంటే పూర్తిగా వదిలించుకోవడం కష్టం. ఆకు చిన్నదై పసుపు తిరుగుతుంది, మేత తగ్గుతుంది.

నారుమడికి నీళ్లు నిలవని వేరే చోటు చూసుకుందాం. నేలకంటే 4 నుంచి 6 అంగుళాల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ఉంటే రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది. బాగా మాగిన దిబ్బ ఎరువు, కొంచెం ఇసుక కలపాలి. 6–8 నెలల కొమ్మ నుంచి పెన్సిలు లావు పుల్లలు, 3–4 కళ్లు ఉండేట్టు కోసి, ఒక కన్ను పైకి కనబడేలా గుచ్చాలి. వరుసకూ వరుసకూ 8 అంగుళాలు, పుల్లకూ పుల్లకూ 4 అంగుళాలు.

మడి ఎత్తుగా ఉంది కదా, వేర్లు అందులోనే ఉంటాయనుకోకూడదు. 4 నెలలు దాటితే అవి కింది నేలలోకి దిగి, ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. అప్పుడు పీకితే సన్న వేర్లన్నీ తెగిపోతాయి, మొక్క బతకాలంటే ఆ సన్నవే కావాల. ముందురోజు తడిపి, గడ్డపారతో లేపి తియ్యండి. బుడిపెలున్న మొక్క ఎంత ఏపుగా ఉన్నా మంటలో వెయ్యాల్సిందే. బయట నారు కొన్నా వేరు చూడకుండా డబ్బులివ్వొద్దు.

ఇక గెనిమ మీది మల్బరీ చెట్లు. "నీళ్లు మావి, ఎరువు మాది, తాగేది మీ చెట్టు" అని పక్క చేనాయన అంటే అందులో నిజముంది. కొమ్మలు కత్తిరించిన వెంటనే, చెట్టుకు 3 అడుగుల దూరంలో, అడుగు వెడల్పు, 2 అడుగుల లోతు కాలువ తీసి, అడ్డొచ్చిన వేర్లను పదునైన కత్తితో కొయ్యాలి. ఒక ఏడాదికి ఒక పక్కే. మేత జోరుగా కావాల్సిన నాలుగో జ్వరం తర్వాత ఆ పనే పెట్టుకోవద్దు. కాలువ పూడ్చేస్తే వేర్లు మళ్లీ దాటుతాయి, ఏటా ఒకసారి శుభ్రం చేసుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆయన టమాటాకు కొట్టే మందు గాలికి మన ఆకు మీద పడితే, అది తిన్న పురుగు పసరు కక్కి చస్తుంది, పంటంతా పోతుంది. కాలువ తీసేరోజు ఆయన్నీ పిలవండి. మందు కొట్టేముందు రోజే ఫోన్ చెయ్యమని అప్పుడే అడగొచ్చు.