వాల్వు రేడియో: మనమే విప్పాలా, వద్దా?

మన పాలమూరు ఇళ్లలో అటక మీద చెక్కపెట్టె రేడియోలు ఇంకా కనిపిస్తాయి. గద్వాలలో మా అవ్వ దగ్గర ఉన్నది మర్ఫీ. తాత పోయినంక దాన్ని ఎవరూ ముట్టలేదు. "నువ్వు ఈసీఈ చదువుతున్నవ్ కదరా, బాగు చెయ్యి" అన్నది అవ్వ. రేపు మీతోనూ ఎవరో ఒకరు ఇదే మాట అంటారు.

మొదటి మాట: పనిచేస్తదేమో చూద్దామని ప్లగ్ పెట్టకండి. ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు సిగ్నల్ అందించే పాత కాగితపు కెపాసిటర్ లీకైతే, గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజి చేరుతుంది. వాల్వులో కరెంటు హద్దు దాటుతుంది. చిన్న పార్టు వల్ల వాల్వు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రెండూ కాలిపోవచ్చు. బోరు మోటార్లు చుట్టే షాపులు వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ఉన్నాయి. కానీ వెంట్రుకలాంటి తీగతో ఈ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం వేరే పని.

ఇక నిర్ణయం. "నాకు వచ్చా?" అని కాదు, "చేసినదాన్ని మళ్లీ పాత స్థితికి తేగలనా?" అని అడగండి.

చేయదగ్గవి: ముందు ఫోటోలు తీయడం, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపడం, పగిలిన వైరు మార్చడం. కెపాసిటర్లు మారిస్తే విలువ అదే ఉండాలి, వోల్టేజి రేటింగ్ తగ్గకూడదు. తీసినవి పారేయకుండా కవర్లో దాచండి.

చేయకూడనివి: ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లు తిప్పడం. సిగ్నల్ జనరేటర్ లేకుండా అవి మళ్లీ సరిగ్గా కుదరవు. డయల్ గాజును తడిగుడ్డతో తుడవడం కూడా వద్దు. స్టేషన్ల పేర్లు గుడ్డకు వచ్చేస్తాయి, మళ్లీ రావు.

అసలు ముట్టకూడనిది: మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ-డీసీ సెట్. దాని ఛాసిస్ నేరుగా కరెంటు లైనుకు కలిసి ఉండొచ్చు. ఆ షాక్‌కు ప్రాణం పోవచ్చు.

మాది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్. అందుకే విప్పాను. ప్లగ్ తీసినా ఫిల్టర్ కెపాసిటర్లలో 200 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మల్టీమీటర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టాలి. కెపాసిటర్లు మార్చి, 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇచ్చాను. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ఒక్కసారి వెలిగి మందగిస్తే ముందుకు పోవచ్చు. మాది మందగించింది. 738 కిలోహెర్ట్జ్ దగ్గర హైదరాబాద్ కొద్దిగా గరగరతో వచ్చింది. ఆ గరగర కోసం కోర్ల జోలికి పోలేదు.

అనుమానం ఉంటే ఒంటరిగా చేయకండి. వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ 1959లో మొదలైంది. వాల్వుల కాలంలో చదువుకున్న అలాంటి పెద్దలు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. స్క్రూడ్రైవర్ పట్టే ముందు వాళ్లను అడగండి.