మందిరములో పుట్టిన స్వరము

ఆరెథా ఫ్రాంక్లిన్ (1942–2018) జీవితమునుండి ఒక పాఠము

పఠన భాగములు: 2 తిమోతి 1:3–7, రోమా 14:1–12

ప్రభువును స్తుతించిన నోటితో లోకపు పాటలు పాడవచ్చునా? మందిరములో వికసించిన వరమును వేదికలమీదికి తీసికొనిపోయిన వారిని సంఘము ఎట్లు చూడవలెను? అనేక సంఘములలో వివాదమునకు కారణమైన ఈ ప్రశ్న అమెరికా నల్లజాతి గాయనియైన ఆరెథా ఫ్రాంక్లిన్‌ను ఏండ్ల తరబడి వెంబడించెను. ఆమె చరిత్రను శ్రద్ధగా చదువువారు తీర్పు చెప్పుటకు ముందు కొంత ఆగవలసి వచ్చును.

1. ఇల్లును మందిరమును

ఆరెథా 1942 మార్చి 25న టెన్నెస్సీ రాష్ట్రమందలి మెంఫిస్ నగరమున జన్మించెను. తండ్రియైన రెవరెండ్ సి. ఎల్. ఫ్రాంక్లిన్ మిసిసిపీ రాష్ట్రమున పేద కౌలురైతుల ఇంట పెరిగినవాడు. ఆయన 1946లో డిట్రాయిట్ నగరమందలి న్యూ బేతెల్ బాప్టిస్టు సంఘమునకు కాపరియాయెను. ఆయన ప్రసంగములు రికార్డులుగా వెలువడి దూరప్రాంతములవారికిని చేరెను. 1948లో తల్లిదండ్రులు వేరుపడిరి. 1952 మార్చిలో, ఆరెథాకు పది యేండ్లు నిండకముందే, తల్లి బార్బరా గుండెపోటుతో మరణించెను.

తల్లిలేని ఆ బాలికకు సంఘమే పాటలబడి ఆయెను. ఆమె వినికిడి చేతనే పియానో నేర్చుకొనెను. ఒక బంధువు భూస్థాపన ఆరాధనలో క్లారా వార్డ్ పాడగా విని, తానును గాయని కావలెనని నిశ్చయించుకొనెను. మహాలియా జాక్సన్, జేమ్స్ క్లీవ్‌లాండ్ వంటి ప్రసిద్ధ గాయకులు ఆ యింటికి పరిచితులు. 1956లో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఆమె తండ్రిగారి మందిరములో పాడిన సువార్త గీతములు రికార్డు చేయబడెను.

2. రెండు ఏరులు

అమెరికా నల్లజాతి సంఘములలో ‘గాస్పెల్’ అని పిలువబడు సంగీతమునకు పితగా ఎంచబడిన థామస్ డార్సీ, తొలుత బ్లూస్ పాటలకు పియానో వాయించినవాడు. 1932లో భార్యయు నవజాత శిశువును మరణింపగా, ఆ దుఃఖములో ఆయన ‘ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్’ అను గీతమును రచించెను. గాస్పెల్, బ్లూస్ అను రెండును ఒకే ప్రజల వేదనలోనుండి ప్రవహించిన ఏరులు. ఒకటి ప్రభువును పిలుచును. మరియొకటి మానవ ప్రేమను, ఎడబాటును చెప్పుకొనును. బ్లూస్‌నుండి పెరిగిన క్రొత్త సంగీతమునకు 1949లో ‘బిల్‌బోర్డ్’ పత్రికలో పనిచేయుచున్న జెర్రీ వెక్స్‌లర్ ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పేరు పెట్టెను.

1957లో సామ్ కుక్ అను గాస్పెల్ గాయకుడు లోకపు పాటల వైపు తిరిగినప్పుడు విశ్వాసులు అనేకులు నొచ్చుకొనిరి. 1960లో ఆరెథాయు అదే బాట పట్టెను. తండ్రి ఆటంకపరచలేదు, పైగా ప్రోత్సహించెను. కొలంబియా సంస్థలో ఆరేండ్లు గడిచినను ఆశించినంత పేరు రాలేదు. పిమ్మట అట్లాంటిక్ సంస్థలో చేరగా, పైన చెప్పిన వెక్స్‌లరే ఆమెను పియానో యెదుట కూర్చుండబెట్టి, మందిరములో పాడిన రీతినే పాడనిచ్చెను. ఓటిస్ రెడ్డింగ్ రచించిన ‘రెస్పెక్ట్’ 1967లో ఆమె నోట అగ్రస్థానమున నిలిచి, గౌరవము కోరిన స్త్రీలకును నల్లజాతివారికిని స్వరమాయెను.

కీర్తి వచ్చినంత సులభముగా నెమ్మది రాలేదు. 1961లో జరిగిన వివాహము 1969లో విడాకులతో ముగిసెను.

3. 1972 జనవరి

పేరుప్రతిష్ఠల శిఖరమున ఉండగా ఆమె మరల సువార్త గీతములు పాడగోరెను. అదియు రికార్డింగు గదిలో కాదు, ఆరాధించు జనుల నడుమ. జనవరి 13, 14 రాత్రులలో లాస్ ఏంజలస్ నగరమందలి న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు మందిరమున ఆమె పాడెను. చిన్ననాట ఆమెకు మార్గము చూపిన క్లీవ్‌లాండ్, గాయక బృందమును నడిపించెను.

ఆమె ‘అమేజింగ్ గ్రేస్’ పాడుచుండగా క్లీవ్‌లాండ్ పియానో విడిచి, ముఖము కప్పుకొని యేడ్చెను. ఆ గీతకర్త జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసలను మోసిన ఓడకు నాయకుడు. 1773 నూతన సంవత్సర దినమున ఇంగ్లండు దేశపు ఓల్నీ గ్రామమున దానిని సంఘమునకు వినిపించెను. బానిసల సంతతివారు ఆ కృపాగీతమును తమదిగా చేసికొని పాడుట తలంపదగిన సంగతి.

రెండవ రాత్రి తండ్రియు క్లారా వార్డును ముందు వరుసలో కూర్చుండిరి. తండ్రి లేచి మాటలాడుచు, ఆరెథా సంఘమునకు తిరిగి వచ్చెనని జనులు చెప్పుకొనుచున్నారు గాని, ఆమె సంఘమును ఎన్నడును విడువలేదని పలికెను. ఆ రికార్డు అమెరికాలో ఇరువది లక్షలకు మించి అమ్ముడుపోయెను.

పదుమూడు దినముల తరువాత, జనవరి 27న, మహాలియా జాక్సన్ మరణించెను. పేరు, ధనము ఎరగా చూపినను మహాలియా బ్లూస్ పాడుటకు సమ్మతింపక, ప్రభువు పాటలకే తన్ను అప్పగించుకొనినది. చికాగోలో జరిగిన ఆమె అంత్యక్రియల ఆరాధనలో డార్సీ గీతమును పాడినది ఆరెథాయే. లోకపు పాటను నిరాకరించిన స్త్రీకి, దానిని పాడిన స్త్రీ ఆ ప్రార్థనతోనే వీడ్కోలు చెప్పెను.

4. శ్రమ దినములు

1979 జూన్ 10న దొంగలు ఇల్లు చొచ్చి రెవరెండ్ ఫ్రాంక్లిన్‌ను కాల్చిరి. ఆయన ఐదేండ్లు స్పృహలేక పడియుండి, 1984 జూలై 27న కన్నుమూసెను. 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అను గౌరవ సంస్థలో స్థానము పొందిన మొదటి స్త్రీ ఆరెథాయే. ఆ యేడే ఆమె న్యూ బేతెల్ మందిరములో, తండ్రిలేని ఆ ప్రసంగ వేదిక ముందర, మరల సువార్త గీతములు రికార్డు చేసెను. 2018 ఆగస్టు 16న క్లోమ క్యాన్సర్‌తో మరణించెను. జనుల కడపటి దర్శనార్థము ఆమె దేహమును ఆ మందిరమునకును తెచ్చిరి.

5. గ్రహింపవలసిన సంగతులు

మొదటిది, బాల్యమున విత్తినది వ్యర్థము కాదు. తిమోతి విశ్వాసమును తలంచినప్పుడు పౌలు అతని అవ్వను, తల్లిని జ్ఞాపకము చేసికొనెను. ఆరెథా పాటకు వేరులు వెదకువారు న్యూ బేతెల్ మందిరమునకే చేరుదురు.

రెండవది, తండ్రి పలికిన మాటను ఎవరును సాకుగా చేసికొనరాదు. అది బిడ్డను ఎరిగిన తండ్రి సాక్ష్యము గాని, అందరికిని ఇచ్చిన అనుమతి కాదు. మహాలియా నిరాకరణయు అందరిమీద మోపదగిన కాడి కాదు. ఎవరి లెక్క వారు ప్రభువునకే చెప్పుకొనవలెను.

మూడవది, సంఘము తలుపు తెరచియుంచవలెను. ఆ జనవరి రాత్రులలో ఆమెను వెలివేసియుండినయెడల, ఆ స్తుతి వినబడకయే పోయెడిది. దూరముగా పోయినట్లు కనబడు బిడ్డ ఏ పాటను హృదయములో మోయుచున్నదో దేవునికి తెలియును.

ధ్యానమునకు ప్రశ్నలు

1. మీ విశ్వాసమునకు పునాది వేసిన పాట ఏది? దానిని మీకు నేర్పినవారు ఎవరు?
2. మీ సంఘమునుండి వెళ్లిపోయిరని మీరు తలంచుచున్న యౌవనులు తిరిగి వచ్చి పాడుటకు చోటు కలదా?
3. మీకివ్వబడిన వరము విషయమై ప్రభువునకు ఏ లెక్క చెప్పగలరు?