గోరింట వేరు – ప్రివెట్ వేరు

ఇటీవల ఒక పాఠకురాలు నాకు ఇట్లు వ్రాసినారు: "అమెరికాలో జార్జియా రాష్ట్రమందున్న మా అబ్బాయి ఇంటికి వచ్చినాను. ఇంటి చుట్టూ చక్కగా కత్తిరించిన పచ్చని దడి ఉన్నది. దానిని 'ప్రివెట్' అందురట. గోరింటకు 'ఈజిప్టు ప్రివెట్' అని పేరున్నట్లు ఎక్కడో చదివితిని. ఈ ఆకును నూరి తలకు పెట్టుకొనవచ్చునా? కామెర్లకు రసము త్రాగవచ్చునా?"

వలదని ఆమెకు వెంటనే జవాబు వ్రాసితిని. ఎందుకు వలదో పాఠకులందరూ తెలిసికొనుట మేలని ఇచ్చట వివరించుచున్నాను.

రెండింటికీ గల భేదము

గోరింటకు సంస్కృత నామము మదయంతిక. శాస్త్రజ్ఞులు దీనిని లాసోనియా ఇనెర్మిస్ అని వ్యవహరింతురు. ఇది దానిమ్మ కుటుంబమునకు చెందినది. ప్రివెట్ అనగా లిగస్ట్రమ్. ఇది మల్లె, ఆలివ్‌ల కుటుంబములోనిది. కనుక రెండింటికీ చుట్టరికమే లేదు. రెండూ దడికి పనికివచ్చును. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా ఉండును, చిన్న పూలు గుత్తులుగా పూయును. పేరు కలియుటకు ఈ పోలికయే కారణమై ఉండవచ్చును.

కాయను చూచిన భేదము స్పష్టమగును. గోరింట కాయ మిరియపు గింజంత ఉండి, ఎండి గోధుమవర్ణము దాల్చును. లోపల సన్నని గింజలు అనేకముగా ఉండును. ప్రివెట్ పండు మెత్తనిది, నీలము కలిసిన నలుపు. శీతకాలమంతా గుత్తులుగా వ్రేలాడుచు పిల్లలను ఆకర్షించును. తిన్నచో కడుపునొప్పి, వాంతులు, విరేచనములు కలుగును. చైనా వైద్యములో ఒక జాతి ప్రివెట్ పండును ఔషధముగా వాడుదురు. అంతమాత్రమున దడిలోని ప్రతి ప్రివెట్టూ ఔషధము కాజాలదు.

దడి దాటిన మొక్క

చైనా ప్రివెట్‌ను 1852లో అలంకారము కొరకు అమెరికాకు తెచ్చినారు. పక్షులు పండ్లు తిని గింజలను అడవులలో వదలినవి. నరికినను మరల చిగిర్చు స్వభావము దానికి కలదు. నేడు ఆ దేశపు ఆగ్నేయ రాష్ట్రములలో ఏటి గట్లను, అడవులను కమ్మి, క్రింద మొలచు స్థానిక మొక్కలకు ఎండ తగులనీయకున్నది.

మనకిది క్రొత్త కథ కాదు. పూల అందము చూచి విదేశముల నుండి తెచ్చిన లాంటానా, అనగా మన పులికంప, ఇట్లే పెరటి నుండి అడవికి పాకినది. దాని ఆకు మేసిన పశువులకు కాలేయము చెడును.

పేరు చేసిన ప్రమాదము

గురుకులములో మా గురువుగారు మూలికను మొదట పేరుతో చెప్పెడివారు కారు. ఆకు, పువ్వు, కాయ, వేరు చూపి, వాసన చూపించి, చివరకు పేరు చెప్పెడివారు. ఆ నియమము విలువ నాకు తరువాత తెలిసినది. మధుమేహమున్న ఒక వృద్ధునికి ఎవరో బిళ్ళగన్నేరు ఆకు మంచిదని చెప్పినారు. ఆయన 'గన్నేరు' అన్న మాట మాత్రము గుర్తుంచుకొని, తన దడిలోని ఎర్రగన్నేరు ఆకులు కోసి కషాయము కాచినాడు. త్రాగుటకు ముందు ఆయన భార్య అనుమానించి, కొమ్మను నా వద్దకు తెచ్చినది. గన్నేరు గుండెపై పనిచేయు తీవ్రవిషము. ఆ తల్లి జాగ్రత్తయే ఆయనను కాపాడినది. బిళ్ళగన్నేరు కూడ స్వంతముగా వాడదగినది కాదు.

గృహస్థులు పాటింపవలసినవి

1. పువ్వు, కాయ చూచి, తెలిసినవారు నిర్ధారించిన తరువాతనే దడిలోని ఆకును ఔషధముగా వాడవలెను.

2. గోరింట చేదు, వగరు రుచులు కలది, శీతవీర్యము. చేతులకు, తలకు పైపూతగా మేలు చేయును. వైద్యుని సలహా లేక లోనికి తీసికొనరాదు. పసిపిల్లలకు పూయరాదు. జి6పిడి లోపమున్న శిశువులలో రక్తకణములు విచ్ఛిన్నమగు ప్రమాదము కలదు.

3. కామెర్లు కనిపించినచో ఆకురసములతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించవలెను.

4. ప్రివెట్ దడి ఉన్నవారు కాయ పట్టక పూర్వమే పూగుత్తులను కత్తిరించవలెను. లేత మొలకలను వేళ్ళతో పెరికివేయవలెను.

5. మన ఊళ్ళలో దడికి గోరింట, అడ్డసరము, వావిలి ఉండగా పరదేశపు మొక్కల కొరకు వెదకనక్కరలేదు.

ఆ పాఠకురాలికి చివరగా ఒక మాట వ్రాసితిని. గోరింట మంచుకు తాళదు. కోడలికి ఆషాఢమున చేతులు పండవలెనన్న, అక్కడ దానిని కుండీలో పెంచి, చలికాలములో ఇంటిలో ఉంచుకొనవలెను. దడిలోని ఆకును మాత్రము దడిలోనే ఉండనిండు.