ఉమ్మివేయు సాలెపురుగు

సాలెపురుగు అనగానే గూడు కనులకు కట్టును. గూడు అల్లి, దాని నడుమ కూర్చుండి, పురుగు తనంతట వచ్చి చిక్కుకొనువరకు కాచియుండుటయే సాలెపురుగుల బ్రదుకని పెక్కుమంది తలంతురు. అయితే గూటిని నమ్ముకొనక, నోటినుండియే వల విసరు జాతి యొకటి కలదు. అది వేటాడు తీరునుబట్టి దానిని ఉమ్మివేయు సాలెపురుగు అందురు.

ఈ జాతిలో మిక్కిలి పేరుగన్నది సైటోడిస్ థొరాసికా. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాట్రెయ్ 1802లో దీనిని వర్ణించెను. ఐరోపా దీని పుట్టిల్లు. మనుష్యుల రాకపోకలతో ఇది ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దూరదేశములకును ప్రాకినది. ఇంగ్లండు వంటి చలిసీమలో ఇది ఆరుబయటకంటె ఇండ్లలోనే కానవచ్చును. దీని దాయాదులు మన దేశమునందును కలవు.

దీని దేహము 3 మొదలు 6 మిల్లీమీటర్ల వరకు ఉండును. లేత పసుపువన్నె మేను, దానిపై నల్లని మచ్చలు, సన్నని కాళ్లు. సాలెపురుగులలో పెక్కింటికి ఎనిమిది కన్నులుండగా దీనికి ఆరే కలవు. వీపు ముందుభాగము మూపురమువలె ఉబ్బియుండుట దీనిని గుర్తించుటకు మేలైన ఆనవాలు. ఆ మూపురము వట్టి అలంకారము కాదు, అదియే ఆయుధాగారము. అందు రెండు పెద్ద గ్రంథులు గలవు. ఒక్కొక్కదాని ముందుభాగమున విషము, వెనుకభాగమున జిగురు తయారగును.

పగలెల్ల సందులలో దాగియుండి, రాత్రివేళ ఇది గోడలమీద మెల్లమెల్లగా నడచును. తొందర దాని స్వభావమున లేదు. చిన్న పురుగు అలికిడి తగిలినచో నిలిచి, ముందరికాళ్లు చాచి దూరము అంచనా కట్టును. ఎర ఒకటి రెండు సెంటీమీటర్ల దూరమున ఉన్నప్పుడు దేహమును బిగించును. గ్రంథులు నొక్కుకొని, జిగురు రెండు కోరలనుండియు చిమ్మును. కోరలు అతివేగముగా కంపించుటచేత ఆ జిగురు తిన్నగా పోక, నడచుచున్న ఎద్దు మూత్రము నేలపై గీయు వంకరగీతవలె మెలికలు తిరిగి పురుగుపై పడును. కావ్యములలోని గోమూత్రికా బంధమునకు పేరు వచ్చినది ఇట్టి గీతనుబట్టియే. రాబర్ట్ సూటర్, గెయిల్ స్ట్రాటన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన పరిశోధనలో ఆ ద్రవము సెకనుకు 28 మీటర్లవరకు వేగము అందుకొనునని తేలినది. ఒక్క చిమ్ముటకు సెకనులో ముప్పదవ వంతు చాలును!

ఉమ్మి అను మాట దీనికి చాలదు. జిగురు తాకినంతనే ముడుచుకొని బిగియును. పురుగు ఉన్నచోటనే అంటుకొనిపోవును. సాలెపురుగు అప్పుడును త్వరపడదు. మెల్లగా చేరి, కరచి, ప్రాణము పోవువరకు వేచియుండి, పిమ్మట జిగురునుండి ఊడదీసికొని రసము పీల్చును. మనుష్యులకు దీనివలన భయము లేదు. దాని చిన్నికోరలు మన చర్మమును ఛేదింపజాలవు. చూచినంతనే చీపురెత్తువారు ఈ సంగతి ఎరుగరు.

ఇట్టి ఆయుధమునకును ఒక చిక్కు గలదు. తల్లి గ్రుడ్లను ఎచ్చటనో దాచి పోదు. కొలదిపాటి పట్టుదారములతో మూటగట్టి, నోట కరచి, పొట్టక్రింద మోయుచు తిరుగును. వేటకును నోరే, గ్రుడ్లకును నోరే. ఉమ్మవలెనన్న మూటను విడువవలెను.

ఈ చిక్కును కనిపెట్టినట్లు మెలగు శత్రువు ఒకటి కలదు. ఫిలిప్పీన్సులోని లాస్ బాన్యోస్ ప్రాంతమున సైటోడిస్ పాలిడా అను దాయాది నివసించును. దానిని పోర్షియా అను దుముకుడు సాలెపురుగు వేటాడును. పోర్షియా చూపు మిక్కిలి నిశితము. ఎదురుగా పోయిన జిగురువాత పడవలసివచ్చును గనుక, అది దూరమైనను చుట్టుతిరిగి వెనుకనుండి సమీపించును. కాని నోట గ్రుడ్లమూట ఉన్న తల్లి కనబడినచో, తరచుగా ఆ శ్రమ మాని ముందునుండియే పోవును. తల్లి మూటను విడువజాలదని అది ఆలోచించి ఎరిగినదనుట సాహసము. ప్రయోగశాలలో పుట్టి పెరిగి, ఉమ్మివేయు సాలెపురుగును అంతకుముందు ఎన్నడును చూడని పోర్షియాలును ఇట్లే మెలగినవి. ఈ నేర్పు వాని పుట్టుకతో వచ్చినదే.

అయినను తల్లి మూటను దింపదు. గ్రుడ్లు పగిలి పిల్లలు వెలువడువరకు అది దాని నోటనే యుండును. తొలి కుబుసము విడిచిన పిమ్మట పిల్లలు తమ తమ దారిని పోవును.