సినిమా యంత్రం - వెలుగు చీకట్ల విద్య

సినిమాహాలులో కూర్చున్న మనం తెరను చూస్తామే గాని, మన తలల మీదుగా సాగే ఆ వెలుగుబాట ఎక్కడినుండి వస్తున్నదో వెనుదిరిగి చూడము. తెరమీద కదులుతున్నట్లు తోచేవి నిజానికి కదలని బొమ్మలే. ఆ బొమ్మలను ఫిల్ము ప్రొజెక్టరు ఎట్లు నడిపించేదో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కొక్క బొమ్మకు ఇరుప్రక్కలా నాలుగేసి రంధ్రాలుంటాయి. సెకనుకు 24 బొమ్మల చొప్పున నిమిషానికి 90 అడుగుల ఫిల్ము దీపం ముందునుండి సాగిపోవలెను. అయితే అది ఆగకుండా జారిపోతే తెరమీద వెలుగుచారలు తప్ప మరేమీ కనిపించవు. కనుక ప్రతి బొమ్మా గేటు వద్ద ఒక్క క్షణం నిలిచి తీరాలి. ఈ పని చేసేది జెనీవా చక్రం. నిరంతరం తిరిగే ఒక చక్రానికున్న మేకు, నాలుగు గాడులుగల శిలువ ఆకారపు చక్రంలో దూరి, దానిని పావుచుట్టు త్రిప్పి విడిచిపెడుతుంది. ఆ పావుచుట్టులో ఫిల్ము సరిగా ఒక బొమ్మ మేరకు దిగుతుంది.

ఫిల్ము దిగేటప్పుడు షట్టరు రెక్క వెలుగుకు అడ్డుపడుతుంది. బొమ్మ నిలిచి ఉన్నప్పుడు సైతం మరొక రెక్క ఒకసారి అడ్డుపడుతుంది. అందుచేత తెరమీద వెలుగు సెకనుకు 48 సార్లు పడి, మినుకుమినుకుమనడం మన కంటికి తెలియకుండా పోతుంది. అనగా ఆట సాగినంతసేపూ ఇంచుమించు సగం కాలం తెర చీకటిగానే ఉంటుందన్నమాట!

ధ్వని సంగతి వేరు. బొమ్మకు ఆగడం అవసరం, ధ్వనికి ఆగకపోవడం అవసరం. కాబట్టి ఫిల్ము అంచున ఉండే ధ్వనిరేఖను గేటుకు దిగువన, ఫిల్ము నిలకడగా సాగేచోట చదువుతారు. అందుకే మాటను దాని బొమ్మకంటె సుమారు 20 బొమ్మలు ముందుగా ముద్రిస్తారు. నడుమ వదలవలసిన ఫిల్ము ఉచ్చు కొలత తప్పితే పెదవులకు, మాటకు పొత్తు కుదరదు. పూర్వపు నైట్రేటు ఫిల్ము దీపం ముందు చిక్కుపడితే నిప్పంటుకునేది. ఇన్ని జాగ్రత్తలు ఆ ఇరుకు గదిలోని ఆపరేటరువే.

నేడు డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చినవి. అనేక యంత్రాలలో ఫిల్ముకు బదులు లక్షలాది సూక్ష్మ దర్పణాలు వెలుగును తెరపైకి మళ్ళిస్తున్నవి. అయినను సెకనుకు 24 బొమ్మలన్న లెక్క చాలావరకు నిలిచియే ఉన్నది. ఫిల్మును చేతితో ఎక్కించే ఆ విద్య మాత్రం కనుమరుగవుతున్నది. మన ఊళ్ళలో అది తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారినడిగి తెలుసుకొని వ్రాసియుంచడం విద్యార్థులకు తగిన పని.